పట్టుబడిన దొంగను ఏమి చేయవలెను?

దొంగ యింట ప్రవేశించెనని తెలియుట యొక సంగతి; ప్రవేశించిన దొంగను ఏమి చేయవలెనో తెలియుట మఱియొక సంగతి. మొదటి పనికి వాకిటి కుక్క చాలును. రెండవ పనికి గృహస్థుని వివేకము కావలెను. నేడు మన పట్టణములలో కంప్యూటరు గల యిండ్లు నానాటికి పెరుగుచున్నవి. బాలుర చదువు, యువకుల యుద్యోగపు దరఖాస్తులు, వృద్ధుల పింఛను కాగితములు, వర్తకుల చిట్టాలు, పెండ్లినాటి ఛాయాచిత్రములు, బ్యాంకి వ్యవహారములు సమస్తమును ఆ చిన్న పెట్టెలోనికి చేరినవి. ఆ పెట్టెకు కావలి యున్న ప్రోగ్రాము ఒకనాటి ప్రొద్దున నెఱ్ఱని గుర్తును జూపి, హానికరమైన వస్తువు దొరికినదని హెచ్చరించును. ఆ క్షణమున మన గృహస్థు లేమి చేయుచున్నారు? ఈ ప్రశ్నకు మాకు కనబడుచున్న సమాధానము సంతోషకరముగ లేదు. కావుననే యీ వారము ఈ విషయమును పాఠకుల యెదుట పెట్టుచున్నాము.

మా యెఱుకలో జరిగిన రెండు సంగతులను ముందుగా చెప్పెదము. మా పట్టణమున పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయు డొకరు గలరు. ఆయన మనుమడు పరీక్ష హాల్‌టికెట్టును అచ్చు వేయించుకొనుటకై పెన్‌డ్రైవును బజారులోని నెట్ సెంటరునకు గొనిపోయి, తెచ్చి, ఇంటి కంప్యూటరునకు తగిలించెను. మఱునాడు ఛాయాచిత్రములు దాచుకొన్న విడి హార్డుడిస్కును తెఱచి చూడగా ఫోల్డరులన్నియు మాయమై, వాని స్థానమున మూలను చిన్న బాణపు గుర్తు గల నకిలీ గుర్తులు నిలిచి యుండెను. వైరసు శోధన చేయగా వరుసగా పది పేర్లు కనబడినవి. ఆయన గుండె జారినది. యంత్రమును, డిస్కును వెంటనే బాగుచేయు దుకాణమునకు మోయించెను. దుకాణదారుడు 'ఫార్మాట్ చేయవలసినదే మేష్టారూ, వేఱు దారి లేదండీ' అని, రెండు గంటలలో పని ముగించి రుసుము పుచ్చుకొనెను. యంత్రము శుభ్రమైనది. దానితోపాటు పదునైదేండ్ల ఛాయాచిత్రములును, గతించిన భార్య కంఠస్వరము గల రెండు ధ్వనిముద్రికలును తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ జాతి వైరసు ఫోల్డరులను నాశనము చేయదనియు, వానిని కేవలము మఱుగుపఱచి ముందు నకిలీ ద్వారములను నిలుపుననియు, ఒక్క యాజ్ఞతో వానిని మరల వెలికి తీయవచ్చుననియు తరువాత నొక కళాశాల విద్యార్థి ఆయనకు చెప్పెను. రోగము చంపలేదు, వైద్యము చంపినది.

రెండవ సంగతి దీనికి సరిగా వ్యతిరేకము. ఒక వర్తకుని యంత్రమున పాస్‌వర్డులను దొంగిలించు ట్రోజను నొకదానిని కావలి ప్రోగ్రాము పట్టెను. ఆయన తొలగింపుమను మీటను నొక్కి, పీడ వదలినదని నిశ్చింతగా నిదురించెను. పట్టుబడుటకు ముందే ఆ ట్రోజను తన పనిని ముగించుకొన్నదని ఆయనకు తోచలేదు. పక్షము గడువకముందే ఆయన ఈమెయిలు నుండి సాటి వ్యాపారులకును బంధువులకును, బ్యాంకి ఖాతా మారినదనియు, ఇకపై సొమ్మును క్రొత్త ఖాతాకు పంపుడనియు లేఖలు పోయినవి. ఇద్దరు పంపిరి కూడ. ఆయన దొంగను గెంటినాడు గాని, దొంగ చేతికి చిక్కిన తాళముచెవులకు సరిపడు తాళములను మార్చలేదు.

ఒకచోట భయము, ఒకచోట ఉపేక్ష. ఈ రెండును ఒక్క తల్లి బిడ్డలే. ఆ తల్లి అజ్ఞానము. ఇది నిపుణుల పని గాని గృహస్థుల పని కాదని కొందఱందురు. కలరా ప్రబలినపుడు నీరు కాచి త్రాగవలెనని తెలిసికొనుటకు ప్రతి గృహిణియు వైద్యశాస్త్రము చదువవలసి వచ్చినదా? బిడ్డకు విరేచనములైనపుడు ఉప్పు, పంచదార కలిపిన నీరు పట్టవలెనని తెలిసికొనుటకు పట్టము కావలసి వచ్చినదా? అట్లే దీనికిని ఆఱేడు సంగతులు తెలిసిన చాలును. మా వాదమిదియే: దొరికినదను వార్త పనికి ముగింపు కాదు, ఆరంభము, ఆ పనిని తొందరపడక, ఆలసింపక, వరుస తప్పక చేయుట ప్రతి గృహస్థుని కర్తవ్యము.

శత్రువు చరిత్ర కొంత తెలియుట మంచిది. తనవంటి ప్రతులను తానే పుట్టించుకొను ప్రోగ్రామునకు వైరసను పేరు 1980 దశకమున స్థిరపడినది. 1982 లో అమెరికాలో పదునైదేండ్ల బాలు డొకడు ఎల్క్ క్లోనర్ అను దానిని వేడుకకై వ్రాసి ఆపిల్ యంత్రముల ఫ్లాపీలపై వదలెను. 1986 లో లాహోరు నగరమున ఆల్వీ సోదరులు తమ ప్రోగ్రామును దొంగతనముగ ప్రతులు తీయువారిని బెదరించుటకై బ్రెయిన్ అను దానిని సృష్టించి, అందు తమ పేర్లను, చిరునామాను, ఫోను సంఖ్యను సైతము వ్రాసికొనిరి. అది దేశదేశములకు ప్రాకెను. 1988 నవంబరు 2 వ తేదీన రాబర్ట్ మారిస్ అను విద్యార్థి వదలిన పురుగు నాటి ఇంటర్నెట్టులో వేలకొలది యంత్రములను స్తంభింపజేసెను. 1989 లో పోస్టులో పంపబడిన ఫ్లాపీల మూలమున ఒక ప్రోగ్రాము యంత్రములను బంధించి, విడుదలకు పనామా దేశపు పోస్టు పెట్టెకు 189 డాలర్లు పంపుమని కోరెను. బాలుని వేడుకగ మొదలైనది ఏడేండ్లలో బందిపోటుతనమైనది. నేటి హానికర ప్రోగ్రాములలో వేడుక యెక్కడను లేదు. అది సొమ్ముకొఱకు నడచు వ్యాపారము. పాస్‌వర్డు దొంగయు, ఫైలులకు తాళము వేసి వెల యడుగు బందిపోటును, మన యంత్రమును మనకు తెలియకయే పరులపై దాడికి వాడుకొనువాడును వేఱువేఱు వృత్తులవారు.

కావలి ప్రోగ్రాము చేయు పని యెట్టిదో కూడ గ్రహింపవలెను. అది రెండు విధముల వెదకును. ఒకటి, ఎఱిగిన దొంగల వ్రేలిముద్రల పట్టికతో ప్రతి ఫైలును సరిచూచుట; రెండు, ప్రోగ్రాముల నడవడిని కనిపెట్టి అనుమానింపదగిన దానిని పట్టుట. పట్టిక పాతదైనచో మొదటి పద్ధతి గ్రుడ్డిది. రెండవ పద్ధతి అనుమానముపై నాధారపడినది గనుక అప్పుడప్పుడు నిరపరాధిని కూడ పట్టును. ఏ ప్రోగ్రామునైనను పరికించి అది వైరసగునో కాదో తప్పక నిర్ణయింపగల సాధనము అసాధ్యమని ఫ్రెడ్ కోహెన్ అను పండితుడు 1980 దశకముననే తర్కముచే నిరూపించెను. కావున శోధనలో ఏమియు దొరకలేదను మాట నిర్దోషపత్రము కాదు. దొరికినదను మాట మరణశాసనమును కాదు. 2010 ఏప్రిల్ 21 వ తేదీన ఒక పేరుమోసిన నివారణ సంస్థ పంపిన క్రొత్త పట్టిక, విండోస్ ఎక్స్‌పీ యంత్రములకు ప్రాణాధారమగు ఫైలునే వైరసని భ్రమించి తొలగించెను. లోకమున అనేక కార్యాలయములలో యంత్రములు మరల మరల ఆరి వెలుగుచు నిలిచిపోయినవి. కావలివాడే యజమానిని కట్టివేసిన దినమది. కావలి మేల్కొని యున్నదో లేదో పరీక్షించుటకు ఐకార్ అను సంస్థ పేర 68 అక్షరముల నిరపాయమైన ఫైలు కూడ గలదు. దానిని చూచి కావలి మొఱుగనిచో ఆ కావలి నిదురించుచున్నదని యర్థము.

ఇక కర్తవ్యమునకు వత్తము. అన్నిటికంటె ముందు, ఆ హెచ్చరిక నిజమైనదా యని యడుగవలెను. ఇంటర్నెట్టు చూచుచుండగా తెర నిండ ఎఱ్ఱని రంగు క్రమ్మి, గంటలు మ్రోగి, మీ యంత్రము చెడిపోయినది, వెంటనే ఈ సంఖ్యకు ఫోను చేయుడని వచ్చు ప్రకటన వైరసు శోధన కాదు, అదియే దొంగ. నిజమైన కావలి ప్రోగ్రాము ఎన్నడును ఫోను చేయుమని సంఖ్య నీయదు. బహుమతి కార్డులు కొని పంపుమనదు. మీ యంత్రమును దూరమునుండి నడుపుటకు పరునికి తాళము లిమ్మనదు. అట్టి తెర కనబడినపుడు దానిలోని యే మీటను నొక్కక బ్రౌజరును మూసివేయవలెను. మూయరానిచో యంత్రమునే ఆర్పవలెను. ఇట్టి మోసగాండ్రు కాల్ సెంటరుల మాటున కూర్చుండి దేశవిదేశములలోని వృద్ధుల జీవితకాలపు పొదుపును హరించుట యెల్లర కెఱుకయే. మన దేశమునుండి కూడ ఇట్టి కాల్ సెంటరులు నడచినవని చెప్పుకొనుటకు సిగ్గుపడవలసియున్నది.

హెచ్చరిక నిజమైనదని తేలిన పిమ్మట మొదట చేయవలసినది ఇంటర్నెట్టు సంబంధమును త్రెంచుట. వైఫై నార్పి, తీగను లాగివేయవలెను. దొంగ లోపల నున్నంతవరకు వాడు బయటివారితో మాటలాడకుండుట మేలు. తగిలించియున్న పెన్‌డ్రైవులను, విడి డిస్కులను ఊడదీసి వేఱుగ నుంచవలెను, అవియు అనుమానితములే. ఆ యంత్రమున బ్యాంకి పనియు, సొమ్ము చెల్లింపులును ఆ క్షణమునుండి మానవలెను. రెండవది, కలము కాగితము తీసికొని కావలి చూపిన పేరును, ఆ ఫైలు ఏ త్రోవలో నున్నదో దానిని, దినమును, గంటను వ్రాసికొనవలెను. మన గృహస్థులలో నూటికి తొంబదిమంది చేయని పని యిదియే యని మా యనుమానము. పేరు తెలియని రోగమునకు మందెట్లు వెదకుదురు? పేరులోని మొదటి మాటయే చాల సంగతులను చెప్పును. ఆడ్‌వేరు అనిన ప్రకటనలను గ్రుమ్మరించు పీడ. ట్రోజను అనిన మంచివాని వేషమున వచ్చిన ద్రోహి. అందును పాస్‌వర్డు దొంగ యను మాట యున్నచో విషయము మిక్కిలి తీవ్రము. హాక్‌టూల్ అనిన తఱచుగా మనమే తెచ్చి పెట్టుకొన్న దొంగ తాళముచెవి. అవాంఛనీయ ప్రోగ్రామనిన ఉచిత వస్తువుతోపాటు అంటుకొని వచ్చిన జిడ్డు. దొరికిన చోటు కూడ ముఖ్యము. ఎన్నడును తెఱువని ఈమెయిలు జతలో దొరికిన దొంగ గుమ్మము బయటనే పట్టుబడినవాడు. యంత్రము మేల్కొనినతోడనే తానును మేల్కొను ప్రోగ్రాములలో దొరికినవాడు ఇంట కాపురము పెట్టినవాడు.

మూడవది, దొరికిన దానిని వెంటనే చంపక చెఱలో నుంచుట. ప్రతి మంచి కావలి ప్రోగ్రామునందును క్వారంటీను అను వసతి కలదు. అందుంచిన ఫైలు నడువజాలదు, హాని చేయజాలదు. నిరపరాధియని తేలినచో మరల విడిపింపవచ్చును. సందేహము తీరనిచో, వైరస్‌టోటల్ అను చోట అనేక సంస్థల శోధకములచే ఒక్కసారి పరీక్ష చేయించుకొనవచ్చును. అయిన నొక హెచ్చరిక: అచ్చట నుంచిన ఫైలును పరులును చూడవచ్చును గనుక ఆధారు ప్రతులను, బ్యాంకి కాగితములను, కుటుంబ చిత్రములను అందు పెట్టరాదు. నాలుగవది, ఒక్క దొంగ దొరికెనని ఊరకుండరాదు. కావలి పట్టికను నేటి తేదీకి తెచ్చుటకు మాత్రము సంబంధమును కొలది నిమిషములు కలిపి, తరువాత శీఘ్రశోధన గాక పూర్ణశోధన చేయవలెను; గంటలు పట్టినను పట్టనిండు. విండోస్ యంత్రములలో, యంత్రము పూర్తిగా మేల్కొనకముందే శోధించు ఆఫ్‌లైన్ పద్ధతి యొకటి డిఫెండరునందే కలదు. లోపల నక్కిన దొంగలు మేల్కొనకముందే పట్టుటకు అది మిక్కిలి యుపకరించును. వేఱొక సంస్థ శోధకముచే రెండవ యభిప్రాయము తీసికొనుటయు మంచిదే. గాని నిత్యము మేల్కొని యుండు కావలి ప్రోగ్రాములను రెండింటిని ఒక్క యంత్రమున నిలుపరాదు. ఒకదాని నొకటి దొంగయని పట్టుకొని యంత్రమును కుంటుపఱచును.

ఐదవది తాళములు మార్చుట. మన వర్తకుడు మఱచిన పని యిదియే. చెడిన యంత్రమునుండి పాస్‌వర్డులను మార్చుట దొంగకు క్రొత్త తాళముచెవి నిచ్చుటతో సమానము. కావున వేఱొక శుభ్రమైన యంత్రమునుండి గాని, ఫోనునుండి గాని మార్చవలెను. మొదట ఈమెయిలు, ఏలయన తక్కిన తాళములన్నియు దాని మూలముననే తెఱువబడును. తరువాత బ్యాంకి, ఆ తరువాత తక్కినవి. మార్చుటతోపాటు అన్ని యంత్రములనుండియు లాగౌట్ చేయుమను ఆజ్ఞను కూడ ఈయవలెను. పాస్‌వర్డు లేకయే లోనికి రానిచ్చు గుర్తింపు చీటీలను దొంగిలించు ప్రోగ్రాములు నేడు విరివిగా నున్నవి. ఆ చీటీలు ఈ యాజ్ఞతో చెల్లకపోవును. రెండంచెల ధ్రువీకరణమును పెట్టుకొనవలెను. సొమ్ము పోయినచో గాని, పోవునను అనుమానము కలిగినచో గాని ఒక్క గంటయైన తడయక బ్యాంకికి తెలిపి, 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు దాటిపోవుటకు ముందే పట్టిన గాని దొరకదు. ఇది బయటపడిన పరువు పోవునని దాచువారు కలరు. మేమందుము: దోచుకొనబడుట సిగ్గు కాదు, దాచి దొంగకు తోడ్పడుట సిగ్గు. ఆ వర్తకుడు మొదటి దినముననే తనవారి నందఱను హెచ్చరించి యున్నచో ఆ యిద్దరి సొమ్ము నిలిచియుండెడిది.

ఆఱవది, రోగము లోతుగా పాఱినదని తోచినచో యంత్రమును మొదటినుండి మరల నిర్మించుట. ఫార్మాట్ అను క్రియను మేము నిందించుట లేదు. అది మంచి శస్త్రచికిత్సయే. గాని శస్త్రచికిత్సకు ముందు రోగి ప్రాణములను భద్రపఱుపవలెను గదా. పత్రములను, చిత్రములను, ధ్వనిముద్రికలను వేఱు డిస్కునకు ఎత్తి, దానిని శోధింపజేసి, ఆ పిమ్మటనే తుడిచివేయవలెను. ప్రోగ్రాములను మాత్రము ఎత్తరాదు. అవి దొంగతోడనే తిరిగివచ్చును. వైద్యునివద్ద సంతకము లేక కత్తి పడనట్లు, యజమాని నడిగి, ఏమేమి కావలెనో పట్టికగ వ్రాసికొనక ఏ దుకాణదారుడును ఫార్మాట్ చేయరాదు. అన్నిటిని మించిన మందు మఱియొకటి కలదు. అది రోగము రాకముందే త్రాగవలసిన మందు. విలువైన ప్రతి వస్తువును మూడు చోట్ల నుంచుడు. అందొకటి యింటి వెలుపల. ఒకటి యెల్లప్పుడును యంత్రమునకు తగిలింపక విడిగ. విడిగ నున్న ప్రతి గలవానిని చూచి ఫైలులకు తాళము వేయు బందిపోటు ఏమి చేయగలడు? ఉపాధ్యాయుని యింట అట్టి ప్రతి యొక్కటి యున్నచో నేడాయన కంటనీరు పెట్టుకొన నక్కఱలేదు.

ఇక అప్రియమైన మాట చెప్పవలసియున్నది. ఈ దొంగలు మన యిండ్లలోనికి గోడలు దూకి వచ్చుట తక్కువ; మనమే తలుపు తీసి పిలుచుట యెక్కువ. వేలరూపాయల ప్రోగ్రామును వెలయీయక వాడుకొనుటకై క్రాకు అను దానిని దింపుకొందుము. దానిని నడుపవలెనన్న కావలి ప్రోగ్రామును ఆర్పుమని దానితోడి చీటీలో వ్రాసియుండును. మనము మాఱుమాటాడక ఆర్పుదుము. కుక్కను కట్టివేసి దొంగను పీట వేసి కూర్చుండబెట్టు గృహస్థుని గూర్చి లోకమేమనును? క్రొత్త యంత్రమును కొన్ననాడే దొంగప్రతులను నింపి యిచ్చు దుకాణములు మన పట్టణములలో లేవని యెవరు ప్రమాణము చేయగలరు? పేదవారము, వెల యెక్కువ, ఏమి చేయుదుమని కొందఱు వాదింతురు. పేదఱికమును మేమెఱుగుదుము. గాని వెల లేనివియు, దొంగతనము కానివియు నగు సాధనములు నేడు కొదువలేదు. లినక్సు కుటుంబపు నిర్వహణ వ్యవస్థలు ఉచితముగ దొరకును. మన సీడాక్ సంస్థ బాస్ అను పేర నొకదానిని రూపొందించినది. లిబ్రె ఆఫీస్ ఉచితము. విండోస్ 10, 11 యంత్రములలో డిఫెండరు అను కావలి వెలలేకయే కలదు. విండోస్ 10 వాడుచున్నవారు మాత్రము, 2025 అక్టోబరు 14 వ తేదీతో దానికి సాధారణ రక్షణ సవరణలు ముగిసినవని గుర్తింపవలెను. చిల్లులు పూడ్చువాడు లేని గోడ వెనుక కావలివాడు ఒంటరివాడు. కావున పేదఱికము కాదు కారణము, అలవాటు, అలసత.

నా యంత్రము చెడిన నష్టము నాదే, పరులకేమి యని యనుకొనువారికి 2017 మే 12 వ తేదీని జ్ఞాపకము చేయుచున్నాము. వాన్నక్రై అను బందిపోటు ప్రోగ్రాము ఆ దినమున మొదలై నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములను బంధించెను. ఇంగ్లండులో వైద్యశాలలు రోగులను త్రిప్పి పంపివేసినవి. మన ఆంధ్రప్రదేశమున పోలీసు శాఖకు చెందిన కొన్ని యంత్రములును దాని వాత బడినవి. చిత్రమేమన, ఆ ప్రోగ్రాము దూరిన చిల్లును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ రెండు నెలల ముందు, మార్చి 14 వ తేదీననే వెలువరించి యుండెను. మందు అలమారలోనే యున్నది; త్రాగినవారు లేరు. ఒక్కని యుపేక్ష మఱియొకని వ్యాధి యగుట కింతకంటె నిదర్శనమేల? బాటు అను దొంగ సేవకుడు దూరిన మన యింటి యంత్రమే, మనము నిదురించు వేళ, మఱియొకరి బ్యాంకిపై దాడికి పోవు సైన్యములో సిపాయి యగుచున్నది. ఇంటి ముంగిట మురుగు నిలిపినవాడు వీధి కంతటికి దోమల నిచ్చినట్లే యిది. 2000 మేలో ప్రేమలేఖ రూపున వచ్చి లోకమును చుట్టిన ఐలవ్యూ పురుగును వ్రాసినవానిని శిక్షించుటకు ఫిలిప్పైన్సులో చట్టమే లేకపోయెను. మన దేశమున అదే సంవత్సరము అక్టోబరు 17 న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము పరుల యంత్రములలో వైరసును ప్రవేశపెట్టుటను 43 వ విభాగమున నిషేధించుచున్నది. మోసబుద్ధితో చేసినచో 66 వ విభాగము క్రింద మూడేండ్లవరకు కారాగారమును విధింపవచ్చును. చట్టము కలదు, గాని దూరదేశపు దొంగను పట్టుట కష్టము. కావున చట్టమునకు ముందు గృహస్థుని జాగ్రతయే మనకు దిక్కు.

ప్రభుత్వము చేసినదానిని మఱువరాదు. సెర్ట్ ఇన్ అను జాతీయ సంస్థ 2004 నుండి పని చేయుచున్నది. 2017 ఫిబ్రవరిలో సైబరు స్వచ్ఛతా కేంద్రమును స్థాపించి, చెడిన యంత్రములను శుభ్రపఱచు సాధనములను ప్రజలకు ఉచితముగ నిచ్చుచున్నారు. గాని ఈ సంగతి మన వీధులలో నెందఱకు తెలియును? తెలిసినవారిలోనైన, మన యిండ్ల యంత్రముల తెరలపై కనబడు ఆంగ్లపు హెచ్చరికలను చదివి గ్రహింపగలవా రెందఱు? అర్థము కాని భాషలో నిచ్చిన హెచ్చరిక చెవిటివాని ముందూదిన శంఖము. కావున మేము నాలుగు కోరికలను కోరుచున్నాము. పట్టణములలోని ప్రతి గ్రంథాలయము, పఠనమందిరము మాసమున కొక సాయంకాలము ఈ విషయమునకు కేటాయించి, తెలిసిన విద్యార్థులచే తెలియని పెద్దలకు తెలుగున చెప్పింపవలెను. ప్రజల పెన్‌డ్రైవులు దినమునకు వందలు తగులు నెట్ సెంటరులును జిరాక్సు దుకాణములును తమ యంత్రములను ప్రతిదినము శోధించి, శోధించితిమని బల్ల కట్టవలెను. మంగలి కత్తి కడిగిన తరువాతనే మఱియొకని గడ్డమున పెట్టుట ధర్మము గదా. బాగుచేయు దుకాణములు ఫార్మాట్ చేయుటకు ముందు యజమాని వ్రాతపూర్వకమగు సమ్మతిని తీసికొను ఆచారమును ప్రారంభింపవలెను. ప్రభుత్వము తన హెచ్చరికలను, సాధనముల వివరణమును తేటతెలుగున, పెద్ద యక్షరములతో, పోస్టాఫీసు గోడపై అంటింపదగిన యొక్క కాగితమున ముద్రించి పంచవలెను.

ఈ కోరికలలో ధనముతో పనిగలది యేదియు లేదు. పూనిక మాత్రమే కావలెను. ఒకప్పుడు జాబు చదివిపెట్టుటకు ఊరిలో అక్షరము వచ్చినవాని కొఱకు వెదకెడివారు. ఆ పరాధీనతనుండి మనవారిని తప్పించినవి పఠనమందిరములే, రాత్రి పాఠశాలలే. నేడు యంత్రము చూపు ఎఱ్ఱని గుర్తు నెదుట చదువుకొన్నవారు సైతము నిరక్షరాస్యులై నిలుచుచున్నారు. ఈ క్రొత్త నిరక్షరాస్యతను పోగొట్టుటయు ఆ మందిరముల పనియే. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మనవారి సామెత. ఈశ్వరుని మాట యటుంచుడు. నేడు కావలి ప్రోగ్రాము పట్టియే యిచ్చుచున్నది. పట్టిన పిదప చేయవలసిన పని మనది. ఆ యుపాధ్యాయునివద్ద గతించిన యిల్లాలి కంఠస్వరము ఇక లేదు. దానిని ఎవరును తిరిగి తెచ్చి యీయలేరు. మఱియొక యింట అట్టి నష్టము జరుగకుండ జూచుట మాత్రము మన చేతిలో నున్నది. పాఠకులు ఈ పత్రికను మడిచిపెట్టుటకు ముందు, తమ యింట విలువైన వస్తువులకు రెండవ ప్రతి యున్నదో లేదో ఒక్కసారి చూచుకొందురు గాక యని ప్రార్థించుచున్నాము.